లాగ్‌బుక్కులో ఏడు లైన్లు

దీవిలోని బతు బస్తీలో అయిదింటికే వెలుగు వచ్చేస్తుంది. ఆ రోజు మాత్రం వానమబ్బు కొండ మీంచి జారి ఇళ్ల మధ్యకి వచ్చి కూర్చుంది. కొబ్బరిచెట్ల తలలు కనిపించడం లేదు. హాడో రేవులో ఓడ కూత పెడితే నిద్రలో ఎవరో పిలిచినట్టు మెత్తగా వినిపించింది. ఇల్లు కూడా నెమ్మదిగా ఎటో తేలిపోతున్నట్టు అనిపించింది సింహాచలమ్మకి. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి గుమ్మంలో నిలబడింది. పన్నెండు రోజుల తర్వాత కొడుకు సముద్రం మీంచి ఇంటికి వస్తున్నాడు.

కొడుకు ధనరాజు గస్తీ బోటులో తుపాకీ దగ్గర డ్యూటీ చేస్తాడు. కూతురు కళ్యాణి ఆ బోట్లతో రేడియోలో మాట్లాడే కంట్రోల్ రూములో ఉద్యోగి. తండ్రి పోయాక తమ్ముణ్ణి చదివించిందీ, ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించిందీ ఆమే.

ధనరాజు తడిసి ముద్దయి వచ్చాడు. భుజం మీద సంచీ దించలేదు.

“దీదీ ఏదమ్మా?”

“తానానికెళ్లింది. ఏటిరా ఆ మొహం?”

“మా సంగతి పేపర్లో వచ్చీసింది. ఎవడో లోపలోడే కాగితం బయటికిచ్చాడు.”

నెల కిందట పరాయి పడవ ఒకటి మన నీళ్లలోకి వచ్చింది. ఆ పడవే ముందు కాల్చిందనీ, గస్తీ బోటు ఎదురు కాల్పుల్లో ఇద్దరు పోయారనీ పైవాళ్లు ప్రకటించారు. ఆనాటి రేడియో లాగ్‌బుక్కులోని ఏడు లైన్లు ఈ రోజు పేపరు అచ్చువేసింది. ఆ పడవ అసలు కాల్చనే లేదు. అరగంటసేపు మంచినీళ్లు అడిగింది.

తడిజుట్టు తుడుచుకుంటూ కళ్యాణి గుమ్మంలోకి వచ్చింది. “ఎవడో కాదు రాజూ. నేనే ఇచ్చాను.”

ధనరాజు సంచీ నేల మీద పడింది. “పాగల్ అయిపోయావా దీదీ? సర్కారు రహస్యం అది! జైల్లో వేస్తారు నిన్ను!”

“తెలుసు.”

“మన బోట్లు ఎక్కడ తిరుగుతాయో ఊరందరికీ చెప్పీసినట్టే కదా! రేపు మావాళ్లకేదైనా అయితే?”

“బోట్ల దారులు, పేర్లు, సిగ్నళ్లు ఒక్కటీ ఇవ్వలేదు. ఆ అరగంట మాటలే ఇచ్చాను. అంతకుముందు పెద్దసారుకి రెండుసార్లు రాసిచ్చాను. రెండోసారి ఆ పేజీయే మార్చి రాయమన్నారు.”

“మరి నేను?” అన్నాడు ధనరాజు. “ట్రిగ్గర్ మీద వేలు నాది. అది తెలిసే ఇచ్చావా?”

కళ్యాణి తల వంచలేదు. “తెలిసే ఇచ్చాను. నువ్వు ఆ బోటులో లేకపోతే మర్నాడే ఇచ్చుండేదాన్ని. నీ మొహం చూసే నెల్లాళ్లు ఆగాను. ఆ నెల్లాళ్లే నా తప్పు.”

ధనరాజు పక్కనున్న స్టూలుని కాలితో తన్నాడు. అది గోడకి తగిలి పడింది. సింహాచలమ్మ దాన్ని లేవనెత్తి, కొడుకు చెయ్యి పట్టుకుని దాని మీద కూర్చోబెట్టింది.

“ఆ పడవోళ్లు నీళ్లడిగార్రా?”

“నా దగ్గరికి రేడియో వినపడదమ్మా. ఒకావిడ ఏదో పైకెత్తింది. తుపాకీ అనుకున్నాను. ఆర్డరొచ్చింది. కాల్చాను. దగ్గరికెళ్లి చూస్తే...”

“చూస్తే?”

“ఖాళీ డబ్బా. నీళ్లు పోయమని చూపించింది.”

కిటికీలోంచి మబ్బు లోపలికి వచ్చి ముగ్గురి మధ్యా తచ్చాడింది.

“వాళ్లే ముందు కాల్చారని రిపోర్టు రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టీసాను. అప్పట్నుంచి కళ్లు మూస్తే నీళ్ల మీద ఆ డబ్బా అలాగే పైకి లేస్తన్నాదమ్మా. నేనేమో బోటులోంచి దిగలేకపోతన్నాను.”

సింహాచలమ్మ వాడి తల పొట్టకి అదుముకుంది. “సముద్రం మీద నీళ్లడిగితే పగోడికైనా పోసీవోడ్రా మీ నాన. నువ్వు ఆడి కొడుకువి కాబట్టే నిద్దర పట్టట్లేదు నీకు.”

ధనరాజు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కళ్యాణి వాడి ముందు నేల మీద కూర్చుంది. “నీకు ముందే చెప్పాల్సింది. చెబితే ఇవ్వలేనేమోనని భయపడ్డాను. పేపరు చూసి ఇందాకే ఆఫీసు నుంచి ఫోన్ చేశారు, పదింటికి ఎంక్వైరీ ఉంది. నేనే వెళ్లి ఒప్పుకుంటాను. నీ గురించి ఒక్క ముక్క చెప్పను.”

ఇడ్లీ పాత్రలో నీళ్లు ఇంకి మాడు వాసన వచ్చింది. సింహాచలమ్మ వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది.

“కాగితం తే,” అన్నాడు ధనరాజు మొహం తుడుచుకుని. “ఒక్కదానివే ఎందుకెళ్తావు? నేను చెప్తాను, నువ్వు రాయి. హిందీలో తర్వాత రాద్దాం. ముందు అమ్మకి అర్థమయ్యేలా తెలుగులో రాయి. నాకు తెలుగు రాయడం రాదు కదా.”

“ఉద్యోగం పోతుంది రాజూ. కేసు కూడా పెడతారు.”

“పెట్టనీ.”

కళ్యాణి కలం తీసింది. తల్లి వాళ్లిద్దరికీ ఆనుకుని కూర్చుంది. ధనరాజు తన పేరు, డ్యూటీ, ఆ రోజు తేదీ చెప్పాడు. తర్వాత ఒక్కో మాటా లోతులోంచి తోడినట్టు చెప్పాడు.

“ఆ పడవలో ఎవరి చేతిలోనూ తుపాకీ లేదు. ముందు కాల్చింది నేను.”

కళ్యాణి చెయ్యి ఆగిపోయింది. కన్నీళ్లు పడి అక్షరాలు అలుక్కుపోయాయి. ధనరాజు తన చెయ్యి ఆమె చేతి మీద వేశాడు. పలక పట్టిన రోజుల తర్వాత వాడు మళ్లీ ఎన్నడూ అనని మాటతో పిలిచాడు.

“రాయి అక్కా. ఆగకు.”