ఉమారాణి చెప్పిన నాలుగంకెలు

కేబుల్ పనిలో జోసెఫ్‌కు పదేళ్ల అనుభవం. డోర్నకల్ చుట్టుపక్కల ఏ ఇంటికి వైరు ఏ కిటికీలోంచి పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఆ ఏడు వాళ్ల కంపెనీ ఒక మార్పు తెచ్చింది. అప్పటిదాకా టీవీ చూపించే సెట్‌టాప్ బాక్సుతోనే ఇంటర్నెట్ కూడా వచ్చేది. ఇకమీదట దాన్ని తీసేసి ఇంటింటికీ కేబుల్ మోడెం పెట్టాలి. పని చిన్నదే. పాతది విప్పడం, కొత్తది బిగించడం, నాలుగు పచ్చ దీపాలు వెలిగాక ఇంటివాళ్ల ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి తన ఫోనులో కొట్టడం. అప్పటికి పని పూర్తయినట్టు లెక్క.

కాగితం మీద అలాగే రాసుంది గానీ, తండాల్లో అలా కుదరదు. గుట్టల మధ్య సిగ్నల్ ఉండదు. ఫోను మాట్లాడాలన్నా ఇంటి వైఫై మీదే. పాత బాక్సు విప్పితే ఓటీపీ కూడా రాదు. అందుకని ఓటీపీ ముందే చెప్పించుకుని, ఆ తర్వాత బాక్సు విప్పడం కేబుల్ వాళ్లకు అలవాటైపోయింది. కొత్తది అప్పటికప్పుడే బిగిస్తే ఎవరికీ నష్టం లేదు.

జోసెఫ్ అప్పటికప్పుడే బిగించలేదు.

అది జులై నెలాఖరు. తండా చివర హీర్యా ఇల్లు. హీర్యా రైలు పట్టాల పనికి పోయాడు. అతని భార్య ఉమారాణి ఒక్కతే ఉంది. ఆయాసం మనిషి. నాలుగు మాటలు మాట్లాడితే చాలు, గొంతులో పిల్లికూతలు వినిపిస్తాయి. ఫోను కళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కొక్క అంకే ఊపిరి తీసుకుంటూ చెప్పింది, "ఏడు... సున్న... నాలుగు... ఒకటి."

సాయంత్రం నాలుగూ పన్నెండుకు పని పూర్తయినట్టు ఫోనులో పడింది. జోసెఫ్ సంచిలో మోడెం లేనే లేదు. ఆఫీసులో స్టాకు అయిపోయింది, నెల దాటకుండా పనుల లిస్టు ఖాళీ కావాలని సూపర్‌వైజర్ భాస్కర్ సారు ప్రాణం తోడేస్తున్నాడు. "అరగంటల వస్త వదినా" అని, పాత బాక్సు సంచిలో వేసుకుని బండి స్టార్ట్ చేశాడు. మళ్లీ వెళ్లలేదు. రేపు పోదాంలే అనుకున్నాడు, మరునాడు ఇంకేదో పని తగిలింది.

ఆ సాయంత్రమే ఉమారాణికి ఆయాసం ముదిరింది. తండా అంతా నాట్లకు పోయింది. ఎనిమిదింటికి హీర్యా ఇంటికొచ్చేసరికి ఆమె గడప మీద పడి ఉంది. ఫోను చేతిలోనే ఉంది.

ఆమె పోయిందన్న కబురు తెలిసినప్పుడు జోసెఫ్‌కు ముందు గుర్తొచ్చింది ఆమె మొహం కాదు, నాలుగూ పన్నెండు. ఎవరైనా ఆ ఇంట్లో మోడెం లేదని కనిపెడితే? మూడో రోజు జనంలో కలిసి ఆ ఇంటికి పోయాడు. అందరూ వాకిట్లో ఏడుస్తుంటే లోపలికి దూరి, ఆ పొద్దునే ఆఫీసుకొచ్చిన స్టాకులోని మోడెం టీవీ వెనక పెట్టి ప్లగ్గు గుచ్చాడు. ఎవరో వస్తున్న అలికిడికి వైరు బిగించకుండానే లేచాడు. బయటికొస్తుంటే హీర్యా రెండు చేతులూ పట్టుకుని, పని ఇడిసిపెట్టి మా దుఃఖానికొచ్చినవా తమ్మీ అని చాయ్ ఇప్పించాడు. జోసెఫ్ ఆ చాయ్ తాగాడు. అది తలుచుకున్నప్పుడల్లా తల కొట్టేసినట్టుంటుంది. భార్య సంగీతకు కూడా చెప్పుకోలేకపోయాడు.

నెలన్నర గడిచింది. ఒకరోజు అతని లిస్టులో ఒక కంప్లైంట్ వచ్చింది. కస్టమర్ పేరు ఉమారాణి. నెట్ రావడం లేదు. ఆ పేరు రెండుసార్లు చదివి, పేరు మార్పించుకుని ఉండరులే అని సర్దిచెప్పుకున్నాడు. వైరు బిగించి మొహం చూపించకుండా వచ్చేద్దామనుకున్నాడు.

తండాకు చేరేసరికి నాలుగు కావస్తోంది. మబ్బు కమ్మి, దీపాలు పెట్టే వేళలా ఉంది. కరెంటు లేదు. లోపల తడి మట్టి వాసన, దాని వెనక ఉమారాణి ఛాతీకి రాసుకునే మందు ఘాటు. హీర్యా మంచం మీద కూర్చుని ఉన్నాడు. తలెత్తలేదు, టీవీ వైపు చెయ్యి మాత్రం చూపించాడు.

జోసెఫ్ వంగి చూశాడు. నాలుగు దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి.

కరెంటు లేదు కదా... సెల్‌ఫోను వెలుతురు మోడెం వెనక్కి వేశాడు. వైరు నేల మీదే ఉంది. తను వదిలేసిన చోటే. దాని కొసకు సాలెగూడు.

"తమ్మీ, ఒక మాట అడుగుత" అన్నాడు హీర్యా వెనకనుంచి, చాలా మెల్లగా. "ఆ దినం లైను మంచిగనే ఉండెనా?"

ఆ దినం పొద్దున తనూ ఉమారాణీ పోట్లాడుకున్నారట. దవాఖానకు పోదామంటే ఆమె వినలేదట, నీ సావు నువ్వు సావమని నోరు జారాడట. ఆ మాట మనసులో పెట్టుకునే తనకు ఫోను చెయ్యలేదేమో, ఊపిరాడకపోయినా తనను పిలవబుద్ధి కాలేదేమో... నలభై దినాలుగా కంటి మీద కునుకు లేదని చెప్పాడు.

ఒక్క మాట చాలు, ఆ మనిషి గుండె మీది బండ దిగుతుంది. ఆ మాట జోసెఫ్ నాలుక మీదిదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చింది, తాగిన చాయ్ గుర్తొచ్చింది.

"మంచిగనే ఉండెనన్నా."

టీవీ వెనక ఎవరో ఊపిరి తీసుకున్నారు. కష్టంగా... ఈలగా...

త్వరగా బయటపడాలి. వైరు వదిలేసి ఫోనులో కంప్లైంట్ ముగించే మీట నొక్కాడు. సిగ్నల్ లేకపోయినా ఓటీపీ ఇంటివాళ్ల నంబరుకు పోయింది. ఆ నంబరు ఉమారాణిది.

"ఆమె ఫోను ఆ పెట్టెల ఉన్నది" అన్నాడు హీర్యా, మూలనున్న ఇనప పెట్టె చూపించి. "గప్పటిసంది చార్జింగే పెట్టలే."

పెట్టెలో టింగుమంది.

మందు ఘాటు ముక్కులోకి ఎక్కింది. చెవి పక్కనే, చెంపకు వెచ్చగా తగిలేంత దగ్గరగా...

"ఏడు..."

పిల్లికూత.

"సున్న... నాలుగు..."

అతని వేళ్లు వాటంతటవే కొడుతున్నాయి.

"ఒకటి."

పని పూర్తయింది. సాయంత్రం నాలుగూ పన్నెండు. తేదీ మాత్రం జులైలో ఆ రోజుదే.

జోసెఫ్ ఫోను జేబులో వేసి హీర్యా ముందు నేల మీద కూర్చున్నాడు. మోడెం లేకుండా ఓటీపీ తీసుకున్నది, అరగంటలో వస్తానని పోయింది, శవం లేచిన ఇంట్లో దొంగలా పెట్టి పోయింది, అన్నీ చెప్పాడు. తల ఎత్తే మొహం లేక నేలతోనే చెప్పుకున్నాడు. ఆమె పిలిచే ఉంటదన్నా, లైను లేకనే నీకు అందలేదు అని ఏడ్చాడు.

హీర్యా కోప్పడలేదు. తలెత్తి అన్నాడు, "ఎరికే తమ్మీ. ఆమెనే దినాం గీ యాళ్లకే ఫోను చేసి చెప్తాంది. నేను నమ్మలే. నీ నోటితోని విందామనే పిలిచిన."

జోసెఫ్‌కు కాళ్లు పట్టుకోవడానికి కూడా సిగ్గేసింది. సంచీ అక్కడే వదిలేసి బండి దగ్గరికి పరిగెత్తాడు. వాన మొదలైంది. గుట్ట ఎక్కాక సిగ్నల్ అంది, జేబులో ఫోను వణికింది. బండి ఆపి చూశాడు. లిస్టులో కొత్త పని వచ్చింది. పాత బాక్సు తీసి మోడెం పెట్టాలి. చిరునామా డోర్నకల్‌లో అతని ఇల్లే. అతని ఇంట్లో మోడెం పెట్టి మూడు నెలలైంది.

సంగీతకు ఫోను చేశాడు. రింగు కాలేదు. మళ్లీ చేశాడు. కాలేదు.

వాన చినుకులు తుడిచి తెర మళ్లీ చూశాడు. పని చెయ్యాల్సిన మనిషి పేరు ఉండే చోట ఈసారి జోసెఫ్ అని లేదు, ఉమారాణి అని ఉంది. దాని కింద ఒక్క ముక్క రాసి ఉంది.

అరగంటల వస్త.