అన్నదమ్ముల నెత్తురు

ఆ రోజు పొద్దున సాంబయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకున్నాడో లేదో, వాకిట్లో జీపు ఆగింది. దిగినవాడు రామచంద్రం డాక్టరు. నెల కింద చొప్పదండి నేతవాడకు వచ్చి, అరవై మంది మగవాళ్ల నెత్తురు సీసాల్లో పట్టుకుపోయింది ఆయనే. ఉట్నూర్ దగ్గరి గోండు గూడేల్లోనూ, బెల్లంపల్లి బొగ్గుబాయి కార్మికుల్లోనూ అట్లాగే తీశారట. ఎవరి నెత్తుట్లో కొవ్వు ఎంతుంది, ఎవరికి గుండెజబ్బు భయం ఎక్కువ అని పోల్చి చూడడానికట.

సాంబయ్య భార్య సక్కుబాయి మంచం వాల్చింది. పొయ్యి ముందు జొన్న గట్క కలుపుతున్న అతని తల్లి ఐలవ్వ చెవి ఇటే పెట్టింది.

"గూడేలల్ల నూట ఇరవై దాటినోళ్లు తక్కువ. మీ నేతోళ్లల్ల నూటయాభై దాక ఉన్నది, బాయిలల్ల నూట ఎనభై," అన్నాడు డాక్టరు కాగితం చూస్తూ. "నీది మూడు వందల నలభై. తప్పువడ్డదేమో అని రెండుసార్లు చూపిచ్చిన."

"గట్క తాగెటోనికి కొవ్వెక్కడిది సాబ్?" సాంబయ్య నవ్వబోయాడు.

"తిండి తోటే వచ్చేది గాదు. కొన్ని ఇండ్లల్ల పుట్టుకతోనే నెత్తుర్ల ఉంటది. తండ్రి నుంచి కొడుకులకొస్తది." డాక్టరు ఇంకో కాగితం తీశాడు. "బాయిలల్ల కూడా ఒక్కనికే గింత వచ్చింది. మీ ఇంటిపేరే. సొంతూరు చొప్పదండి అని రాయించిండు. రాయమల్లు. నీకేమయితడు?"

సాంబయ్య ముఖం గట్టిపడింది. "నాకేం గాడు."

పొయ్యి దగ్గర తెడ్డు చప్పుడు ఆగిపోయింది.

"తమ్ముడయితడు సారూ," అంది ఐలవ్వ.

ఆ ఇంట్లో పదకొండేళ్లుగా ఎవరూ ఎత్తని మాట అది. తండ్రి బుచ్చిరాములు వద్దన్నా వినకుండా రాయమల్లు మగ్గం విడిచి బొగ్గుబాయిలో పనికి పోయాడు. పోయిన మూడో రోజే, నలభై ఆరేళ్ల బుచ్చిరాములు కూచున్నచోటే మగ్గం మీదికి ఒరిగిపోయాడు. కబురంది పరుగెత్తుకొచ్చిన తమ్ముణ్ణి సాంబయ్య పాడె ముట్టనీయలేదు. "బాపును నువ్వే సంపినవ్, నీ మొకం సూపియ్యకు" అని నేతవాడంతా వినేలా అరిచాడు. రాయమల్లు తల వంచుకొని వెళ్లిపోయాడు. మళ్లీ ఊరి దిక్కు రాలేదు.

"బాయి దిగితే రాయమల్లుకు రొమ్ముల పట్టేస్తుందట," అన్నాడు డాక్టరు. "బరువు పని బందు చెయ్యుమన్న, బీడీ మానుమన్న, దవాఖానల చూపించుకొమ్మన్న. ఇనలే. 'మా బాపును నేనే సంపిన సార్, గీ నొప్పి నాకు రావల్సిందే' అన్నడు. గా మాటకే నేను గింతదూరం వచ్చిన. మీ బాపుకు ముందునుంచి ఏమన్న నొప్పి ఉండెనా?"

"ఏం నొప్పి లేకుండె. దుక్కలెక్క ఉండె. వాడు పోయిండన్న మనాది తోటే పోయిండు."

"అబద్ధం," అంది ఐలవ్వ.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కొడుకు వైపు చూడలేదు, డాక్టరుకే చెప్పింది.

"రెండేండ్ల సంది ఉండె సారూ. జరసేపు నేస్తె చాలు, రొమ్ము పట్టుకొని కూసునేటోడు. ఎడమ చెయ్యి గుంజుతుందనేటోడు. నేను నూనె కాపి రాసేదాన్ని. పోరగాండ్లు పరేషానయితరు, చెప్పకు అని ఒట్టు వెట్టించుకున్నడు."

సాంబయ్య మగ్గం గుంటలోంచి లేచాడు. "మరి ఆనాడెందుకు చెప్పలే అవ్వా? నేను వాన్ని గంత మాటంటుంటె నోరు మూసుకొని ఎట్ల నిలవడ్డవ్?"

"బుగులైంది కొడుకా. మీ బాపు పాయె, చిన్నోడు ఊరిడిసె. నువ్వొక్కనివే మిగిల్తివి. నీ మాట తప్పంటే నన్నెవలు సాదుతరు? రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకున్న. పదకొండేండ్లాయె. నీ బువ్వ తినుకుంట చిన్నకొడుకును దూరం చేసుకున్న."

"నీ భయానికి గీ పాపమంత నా నెత్తిన పెట్టినవ్!" సాంబయ్య అరుపుకు ఐలవ్వ గోడకు ఒదిగింది.

సక్కుబాయి ఇద్దరి మధ్యకు వచ్చింది. "అత్తమ్మ దాచింది, నిజమే. కని గా మాటన్నది నీ నోరే గద? ఎవలు అనుమన్నరు నిన్ను?"

సాంబయ్య మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"ఆనాడు పరీక్ష చెయ్యలే గనుక నేను ఖాయంగ చెప్పలేను," అన్నాడు డాక్టరు మెల్లగా. "కని మీ బాపుకు వచ్చిన నొప్పి ఇదేననిపిస్తుంది. మీ పిల్లల నెత్తురు కూడ చూస్త. ముందుగాల రాయమల్లును కాపాడాలె. నా మాట ఇంటలేడు. నీ మాటైతే ఇంటడేమో."

జీపు పోయాక సాంబయ్య లేచి అంగీ తొడుక్కున్నాడు. తల్లి దిక్కు చూడకుండానే అన్నాడు. "చీర మార్చుకో అవ్వా. పెద్దపల్లిల రైలెక్కుదాం."

బెల్లంపల్లిలో కంపెనీ క్వార్టర్ల వరసలో ఇల్లు అడుగుతూ పోతే, మొదటి షిఫ్టు దిగివచ్చిన రాయమల్లు వాకిట్లో బొగ్గు మసితోనే కూచొని రొమ్ము రాసుకుంటున్నాడు. అన్నను చూసి లేచాడు.

"అవ్వ మంచిగున్నదా?"

వెనకే ఉన్న తల్లిని చూశాక అతని గొంతు మారింది. "ఇప్పుడెందుకొచ్చిండ్రు?"

సాంబయ్య నెత్తురు పరీక్ష సంగతి, తల్లి దాచిన సంగతి తడబడుతూ చెప్పాడు. రాయమల్లు చివరిదాకా విన్నాడు.

"కాగితం చెప్తె నమ్మినవా అన్నా? నేను కండ్లముందట నిలవడితె నమ్మకపోతివి."

"నమ్మలే. తప్పు నాదే." సాంబయ్య తమ్ముడి దగ్గరికి జరిగాడు. "బాపుకు ముందునుంచే నొప్పి ఉండెరా. నీకున్నది, నాకున్నది. నువ్వు సంపలే. రేపు దవాఖానకు ఇద్దరం కలిసి పోదాం. కాదనకు, నీ కాళ్లు మొక్కుత."

వంగబోతున్న అన్న భుజాలు పట్టుకొని ఆపాడు రాయమల్లు. "పోదాంలే," అన్నాడు. ఆ పట్టు మాత్రం వదల్లేదు.

"నన్ను ఏడ్వనియ్యలే అన్నా. ఆనాడు బాపు మీద వడి ఏడ్వనియ్యలే నన్ను."

"బాపూ!" అంటూ రాయమల్లు మట్టిలో కూలబడి బిగ్గరగా ఏడ్చాడు. సాంబయ్య పక్కనే కూలబడి తమ్ముడి తల గుండెకు హత్తుకున్నాడు.

ఆ ఏడుపుకు చుట్టుపక్కల క్వార్టర్ల తలుపులు తెరుచుకున్నాయి. ఒకామె గాబరాగా వచ్చి, ఎవరు పోయారని ఐలవ్వను అడిగింది.

"వీళ్ల బాపు పోయిండమ్మా," అంది ఐలవ్వ, కొడుకులిద్దరి పక్కన కూచుంటూ.