జడ్జిగారి బూట్లు

మాంచెస్టర్‌లో ఆ ఉదయమూ మామూలుగానే సన్నటి వాన. టీవీ కంపెనీ పంపిన కారు గుమ్మంలో ఆగితే, సిరిల్ టీ కప్పు దించి, పెళ్లాం నుదుటిమీద ముద్దుపెట్టి వెళ్లాడు. విన్నీ కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

ఎందుకూపదు మరి? పెళ్లైన దగ్గర్నుంచీ చూస్తోంది, అన్నీ బట్లరు, పోలీసు, పోస్టుమాస్టరు వేషాలే. మొహం ఊరందరికీ తెలుసు, పేరు ఒక్కరికీ తెలియదు. చేపల కొట్టువాడైతే ఆవిణ్ణి చూసినప్పుడల్లా, మీ పోలీసాయన ఇవాళ ఎవర్ని పట్టుకున్నాడమ్మా అని వేళాకోళమాడేవాడు. ఈ ముసలితనంలో, ఇన్నాళ్లకి, జడ్జి వేషం. కథంతా ఆయనదే, తెరమీద మొదట పడే పేరూ ఆయనదే.

ఏ వేషానికైనా సిరిల్‌కి ముందు బూట్లు కావాలి. బూట్లు కుదిరితే నడక కుదురుతుంది, నడక కుదిరితే మనిషి దొరుకుతాడు అనేవాడు. ఈసారి నల్లబూట్లు తొడుక్కుని ఇంట్లో మెట్లెక్కి దిగుతుంటే, విన్నీకి తన మొగుడి ముందే తల దించుకోవాలనిపించింది.

ఆయన వెళ్లాక ఇల్లు ఊడుస్తుంటే ఆ నల్లబూట్లే మెట్లకింద కనబడ్డాయి. స్టూడియోలో నటులకి బట్టలు తొడిగే ఆడవాళ్లు సమ్మెలో ఉన్నారని మాత్రం రాత్రి మాటవరసకి అన్నాడు. పాతబూట్లతో వెళ్లాడంటే స్టూడియో లోపలికి పోయే ఉద్దేశం ఇంట్లో బయల్దేరేటప్పుడే లేదన్నమాట.

బూట్లు సంచిలో వేసుకుని బస్సెక్కింది. స్టూడియో గేటు దగ్గర, నినాదాలు రాసిన అట్టలు పట్టుకున్న సమ్మె ఆడవాళ్ల మధ్య, టోపీ అంచునుంచి నీళ్లు కారుతూ, సిరిల్.

"ఇవి వేసుకో. వేసుకుని లోపలికి నడు."

"నా అంగీ గుండీలు పెట్టే ఎల్సీ ఇక్కడ తడుస్తోంది విన్నీ. లోపల ఎవరు పెడతారే నాకు?"

"నేను పెడతాను. ఇలాంటి వేషం నీకు మళ్లీ ఎవరిస్తారయ్యా?"

"ఎవరూ ఇవ్వరు."

"మరి నాతో ఒక్క మాటైనా చెప్పలేదే?"

"చెబితే ఏడుస్తావు. నువ్వేడిస్తే నేను లోపలికి వెళ్లిపోతాను."

ఇంతలో ఓ కుర్ర పోలీసు వచ్చి, దారి వదిలి అందరూ వెళ్లిపోవాలన్నాడు. ఆడవాళ్లు మొహామొహాలు చూసుకున్నారు. ఎల్సీ మాత్రం కదల్లేదు.

"జడ్జి వేషంలో చెప్పాల్సిన ఆ తీర్పేదో మాకే చెప్పు సిరిల్. లోపల ఎలాగూ చెప్పవుగా."

సిరిల్ పెళ్లాం వైపు చూశాడు. విన్నీ క్షణం ఆగి, ఆ తడిలోనే మోకాళ్లమీద కూర్చుని పాతబూట్ల తాళ్లు తనే విప్పింది. నల్లబూట్లు తొడిగింది.

ఆయన ఆ బూట్లతో నిలబడ్డాడు. వంగిన నడుము ఎప్పుడు నిటారైందో ఎవరూ చూడలేదు. గొంతు పెంచలేదు.

"ఈ కోర్టులో ఇన్నాళ్లూ నోరున్నవాళ్లే మాట్లాడారు. ఇవాళ మిగిలినవాళ్లు చెబుతారు. నేను వింటాను."

పట్టిన అట్టలు నెమ్మదిగా కిందికి దిగాయి. కుర్ర పోలీసు తనకే తెలియకుండా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కాసేపటికి విన్నీ పక్కకి వచ్చి, గుసగుసగా అడిగాడు.

"ఎవరమ్మా ఆయన?"

తడిసిన పాతబూట్లు గుండెకి హత్తుకుని నిలబడ్డ విన్నీ, కన్నీళ్లు తుడుచుకోకుండానే చెప్పింది.

"సిరిల్ బ్రామ్లీ. గుర్తుపెట్టుకో నాయనా, సిరిల్ బ్రామ్లీ."