పక్క సీటు

"తలుపు అంత బాదక్కర్లేదు. ఇది హెలికాప్టరు, పాత బస్సు కాదు."

వాళ్ళిద్దరి తొలి పలకరింపు అది. అన్నది పోలీసు హెలికాప్టరు నడిపే పైలట్. మాట పడ్డవాడు పక్క సీట్లో కూర్చుని కెమెరా చూడ్డానికి కొత్తగా చేరిన కానిస్టేబుల్. అతను కిక్కురుమనకుండా బెల్టు బిగించుకున్నాడు.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

"పైకెళ్ళాక తెరుస్తాను మేడమ్."

తెరిచాడు. "కొంచెం ఎడమకి... ఇంకాస్త... చాలు." అంతే. అతనిది పొదుపు మాట, ఆమెది నెమ్మది చెయ్యి. పారిపోయే దొంగలైనా, దారి తప్పిన ముసలివాళ్ళైనా, ఇద్దరూ జోడెడ్లలా వెతికేవాళ్ళు. కొన్నాళ్ళకి అతను "ఎడమ" అనేలోపే హెలికాప్టరు వాలేది.

ఆమె మీద అతను మనసుపడ్డాడు. చిక్కల్లా ఒక్కటే. భార్యాభర్తల్ని ఒకే హెలికాప్టరు ఎక్కనివ్వరు. జరగరానిది జరిగితే ఒక్క ఇంటిమీదే పిడుగు పడకూడదని ఆ దళంలో కట్టుబాటు. మనసు విప్పితే పక్క సీటు పోతుంది. అందుకే అతను మాటని గొంతులోనే ఆపుకున్నాడు.

ఒక మధ్యాహ్నం కుండపోత వాన. మతిమరుపున్న తాతగారొకాయన మనిషెత్తు రెల్లులో తప్పిపోయాడు. ఒంటి వేడిని పట్టే కెమెరాలో తెల్లటి చుక్క కనబడింది. గాలి ఈడ్చి కొడుతోంది. ఆమె మాత్రం నెత్తిన నిండుకుండ పెట్టుకున్నదానిలా హెలికాప్టర్ని అక్కడే నిలబెట్టింది. అతను రేడియోలో కిందున్న పోలీసులకి దారి చెప్పాడు. వాళ్ళు తాతగారి భుజం పట్టుకోవడం చూశాక అతని గుండె పొంగిపోయింది.

"మేడమ్, ఈ గాలిలో ఇలా నిలబెట్టడం మీకే చెల్లింది. బతికినన్నాళ్ళూ మీ పక్కనే ఉండాలనుంది."

రేడియో గరగరలాడింది. ఇన్‌స్పెక్టర్ గొంతు.

"తమ్ముడూ, నీ మైకు ఇంకా మాకే వినిపిస్తోంది. తాతగారు క్షేమం. అమ్మాయి ఏమందని అడుగుతున్నారు."

అతని చెవులు కందిపోయాయి. గబుక్కున స్విచ్ తిప్పాడు.

"ఊరంతా చాటింపు వేశాక నాకు చెప్తావా?"

"నోరు జారింది మేడమ్."

"అయితే వెనక్కి తీసుకో."

"తీసుకోను."

ఆమె పెదవి చివర నవ్వు ఆగలేదు. "సీటు పోతుంది, తెలుసుగా?"

"తెలుసు. మీ పక్కన కూర్చునేవాడికి నేనే పని నేర్పుతాను. ఆషామాషీగా వదలను."

ఆమె హెలికాప్టర్ని వెనక్కి తిప్పింది. తర్వాత తన మైకు నొక్కింది.

"తాతగారితో చెప్పండి. సరేనంది అని."

అతను రెండో హెలికాప్టరుకి మారాడు. ఆమె నాన్న, లారీ తోలి కూతుర్ని చదివించిన మనిషి, కాబోయే అల్లుణ్ణి చూసిపోదామని వచ్చాడు. ఇద్దరూ హెలికాప్టర్లు దిగే మైదానం కంచె దగ్గర నిలబడ్డారు. ఆమె హెలికాప్టరు కుదుపన్నది లేకుండా లేచింది.

"ఏం లేపింది!" అన్నాడు పెద్దాయన, గడ్డం పైకెత్తి.

గేటు దగ్గర కొత్తగా చేరిన సెంట్రీ నోరు వెళ్ళబెట్టాడు. "ఎవరండీ నడిపేది?"

"మా అమ్మాయి," అన్నాడు పెద్దాయన.

"మా ఆవిడ," అన్నాడు అతను, అదే క్షణంలో.

పెద్దాయన గుడ్లురిమాడు. "పెళ్ళింకా కాలేదయ్యా!"

అతను తల దించుకున్నాడు. పెద్దాయన మళ్ళీ ఆకాశంలోకి చూశాడు. ఉరిమిన మొహంలోనే నవ్వు తోసుకొచ్చింది.

"సరేలే, ఇంకోసారి అను. వినడానికి బాగానే ఉంది."