అమ్మ బిగించిన కంప్యూటర్

ఆదివారం ఎవరూ ఎవరినీ నిద్ర లేపకూడదని ఆ ఇంట్లో ఒప్పందం. దాన్ని తప్పేది ఎప్పుడూ కూతురే. లేచింది మొదలు నోరు మూతపడదని తండ్రి ఆమెకి పిచ్చుక అని పేరు పెట్టాడు. వారమంతా బస్సు నడిపి అలిసిపోయిన ఆ మనిషి ఆవేళైనా దుప్పట్లో ఇంకాసేపు దొర్లుదామనుకున్నాడు. ఈలోగా వంటగదిలో గొంతు లేవనే లేచింది.

"అమ్మా, నా కంప్యూటర్‌లో ప్రాసెసర్ మార్చేద్దాం. ఇంక నా వల్ల కాదు. ఆటలో నలుగురు ఒకచోట చేరితే చాలు, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. నేను గురి చూసేలోపు అవతలివాడు నన్ను చంపేసి, వెళ్ళి అన్నం తినొస్తున్నాడు."

"మళ్ళీ బతుకుతావుగా, ఏం నష్టం?" అంది తల్లి టీ వడకడుతూ.

"జోకులొద్దు. బోర్డు మార్చక్కర్లేదు, మిగతావన్నీ బానే ఉన్నాయి. అందులోనే కూర్చునే ఇంకా మంచి ప్రాసెసర్ నా స్నేహితురాలి దగ్గరుంది. తను వేరే కంప్యూటర్ కొనుక్కుంటోందట. నా డబ్బులతోనే తీసుకుంటా."

"నడుస్తున్నదాన్ని విప్పడం ఎందుకే? కొత్తది పెడితే వేడెక్కుతుంది. తర్వాత చూద్దాంలే."

తండ్రి ఆవలిస్తూ వచ్చి టీ గ్లాసు అందుకున్నాడు. "ఏవిటోయ్, ఈమధ్య మనింట్లో టీకి కూడా రేషన్ పెట్టావా? సగం గ్లాసే ఇస్తున్నావు."

"ఈ వయసులో సగమే మంచిది. తాగండి."

సగం ఎందుకో ఆవిడ ఒక్కదానికే తెలుసు. నిండు గ్లాసు పట్టుకుంటే టీ ఒలికిపోతోంది. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. సూది గుచ్చితే చీమ కుట్టినట్టయినా ఉండదని జనం చెప్పుకునేవారు. పసిపిల్లల తల్లులు, పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా సరే, "చీమ మేడమ్ వచ్చాకే" అని కాచుకుని కూర్చునేవారు. అలాంటి చెయ్యి కొన్ని నెలలుగా వణుకుతోంది. మొదట్లో అలసట అనుకుంది. తర్వాత అలసట కాదని తెలిసినా అనుకోవడం మానలేదు. పిల్లలొస్తే కళ్ళజోడు వంక పెట్టి జూనియర్‌కి అప్పగిస్తోంది. చుట్టూ డాక్టర్లే, అయినా ఒక్కరికీ చూపించుకోలేదు. దీపం కిందే చీకటన్నట్టుంది ఆవిడ సంగతి. చూపిస్తే జబ్బుకి ఒక పేరొస్తుంది. పేరొస్తే సూది పట్టనివ్వరు. సూది లేకపోతే తనేమిటో ఆవిడకి తెలియదు.

"బిగించడానికి ఎంతసేపు? మనిద్దరం కూర్చుంటే గంట పని" అంది పిచ్చుక. "అప్పట్లాగే."

అసలు భయం అక్కడే ఉంది. పిచ్చుక పదో తరగతి అయిపోయిన వేసవిలో తల్లీకూతుళ్ళిద్దరూ ఆ కంప్యూటర్‌ని విడిభాగాలు తెచ్చి భోజనాల బల్ల మీద కట్టారు. ప్రాసెసర్ అడుగున వెంట్రుకల్లాంటి పిన్నులుంటాయి, అవి వంగితే అంతే సంగతులు. అందుకని అది మాత్రం కూతుర్ని ముట్టుకోనివ్వకుండా తల్లే పెట్టింది. ఇప్పుడు మళ్ళీ పెట్టమంటే, కూతురి కళ్ళు తన వేళ్ళ మీదే ఉంటాయి.

"అంతగా కావాలంటే షాపులో ఇచ్చి బిగించుకో" అనేసింది.

పిచ్చుక గలగల ఆగిపోయింది. "షాపులోనా?" అని మాత్రం అడిగి, తల్లి మొహంలోకి కాసేపు చూసి, టీ తాగకుండానే బయటికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి చిన్న డబ్బాతో తిరిగొచ్చింది. కంప్యూటర్ తెచ్చి భోజనాల బల్ల మీద పడుకోబెట్టి, మూత తీసి, ఫ్యాను విప్పి, పాత ప్రాసెసర్‌ని బయటికి తీసి, దాని చోటు శుభ్రంగా తుడిచింది. అప్పుడు పిలిచింది.

"అమ్మా, రా. ఇది నువ్వే పెట్టాలి."

"నాకు పనుంది" అంది తల్లి, ఒకసారి తుడిచిన గట్టునే మళ్ళీ తుడుస్తూ.

"ఏం పని? నీకీమధ్య నాతో తప్ప అందరితోనూ పనే. మనిద్దరం కలిసి ఆడే కారు రేసు ఎన్నాళ్ళయింది ఆడి? తలనొప్పంటావు, నిద్రంటావు. నాకు తెలీదనుకున్నావా?"

తల్లి తుడవడం ఆపేసింది. "ఏం తెలుసు?"

"నేను నర్సింగులో చేరలేదని నీకు కోపం. కంప్యూటర్ ఆటలకి బొమ్మలు గీసే చదువులో చేరతానంటే పైకి సరేనన్నావు, లోపల మింగుడు పడలేదు. అందుకే ఈ కంప్యూటర్ అంటేనే గిట్టడంలేదు నీకు. నేనన్నా గిట్టడంలేదు!"

"పిచ్చుకా, ఏంటా మాటలు!" అన్నాడు తండ్రి.

"ఉండు నాన్నా. కాదని చెప్పమను."

కాదని చెప్పడం ఎంతసేపు? కానీ కాదంటే మరేమిటని అడుగుతుంది. కూతురి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ చదువులో చేరుతుంటే తల్లి నిజంగానే సంతోషించింది, ల్యాబంతా స్వీట్లు పంచింది కూడా. ఇప్పుడు ఆ నిజం నోటితో చెప్పినా ఈ పిల్ల నమ్మేలా లేదు. చేసి చూపిస్తే నమ్ముతుంది. ఒక్క నిమిషం పనే కదా, ఒక్క నిమిషం ఈ చెయ్యి మాట వినకపోతుందా అనుకుని, వచ్చి బల్ల ముందు కూర్చుని ప్రాసెసర్ తీసుకుంది.

చెయ్యి మాట వినలేదు. చూస్తున్నారని తెలిసేసరికి ఇంకా మొరాయించింది. ప్రాసెసర్ వేళ్ళ మధ్య నుంచి జారి, బోర్డు అంచుకి తగిలి, బల్ల మీద పడింది. పిచ్చుక చటుక్కున తీసి తిప్పి చూసింది. ఒక మూల పిన్నులు గాలికి ఒరిగిన గడ్డిలా పక్కకి వాలిపోయి ఉన్నాయి.

"కావాలనే పడేశావు!"

తల్లి కేకలు వెయ్యలేదు. కుడిచెయ్యి చాపి, కూతురి మొహం ముందు పెట్టింది.

"కావాలని కాదు. చూడు."

కిటికీలోంచి వెలుతురు తిన్నగా పడుతోంది. ఆ వెలుతురులో అయిదు వేళ్ళూ వణుకుతున్నాయి. ఆపాలని ప్రయత్నించినకొద్దీ ఎక్కువవుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు తండ్రి.

"ఈ వేసవి ముందు నుంచి. మొన్న ఒక పెద్దాయనకి మూడుసార్లు గుచ్చాను. పాపం ఆయన పళ్ళబిగువున ఓర్చుకుని, 'పర్లేదమ్మా, నా నరాలే దొరకవు' అని నన్నే ఓదార్చాడు. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఏ మాయరోగమో, ఏమో. తెలుసుకోవాలంటే భయం. మీకు చెప్పాలంటే అంతకంటే భయం."

"సగం గ్లాసు..." అంటూ ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నేను పొదుపు చేస్తున్నావనుకుని వెక్కిరిస్తున్నాను. ఛ! రోజూ అన్ని అద్దాల్లో వెనకా ముందూ చూసుకుంటూ బస్సు నడుపుతాను, ఎదురుగా ఉన్న మనిషిని చూళ్ళేదు."

పిచ్చుక ప్రాసెసర్‌ని డబ్బాలో పెట్టేసింది. "ఇది వద్దులే అమ్మా. పాతదే పెట్టేస్తా" అంది.

"ఎందుకొద్దు? వంగాయి, విరగలేదు. నా బ్యాగు తే."

మంచం మీదున్నవాళ్ళకి ఇంటికెళ్ళి రక్తం తీయడానికని ఆ బ్యాగులో సీలు తీయని సూదులుంటాయి. సూది లోపల బోలు. దాని మొనని వంగిన పిన్నుకి తొడిగి నెమ్మదిగా లేపొచ్చు. ఆ పని ఎలా చెయ్యాలో ఆవిడకి తెలుసు, వణికే చేత్తో చెయ్యలేదంతే. సూది కూతురి చేతిలో పెట్టింది.

"మోచెయ్యి బల్లకి ఆనించు. మణికట్టు కదలకూడదు, వేళ్ళే కదలాలి. తొందరేం లేదు. ఊపిరి వదిలాక లేపు... ఆఁ, అంతే. దాన్ని నొప్పించకు."

"ప్రాసెసర్‌కి నొప్పేంటమ్మా!" అంది పిచ్చుక. నవ్వబోయి ఏడ్చేసింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ వంగింది. జూనియర్లందరికీ చెప్పిన పాఠమే తల్లి చెబుతోంది. వాళ్ళెవరి చెయ్యీ ఇంత నిలకడగా ఉండగా ఆవిడ చూడలేదు. చూస్తుంటే తన చేతి సంగతి కాసేపు మరిచిపోయింది. చివరి పిన్ను కూడా నిటారుగా నిలబడింది. బోర్డు మీద పెట్టగానే, ఒత్తకుండానే, ప్రాసెసర్ దాని చోట్లో అది ఒదిగిపోయింది.

పిచ్చుక ఫ్యాను బిగించి కంప్యూటర్ ఆన్ చేసింది. తెర వెలిగింది. ఎవరూ ఆట మొదలుపెట్టలేదు.

"కావాలని పడేశావన్నానమ్మా నిన్ను" అంది పిచ్చుక.

"నేను చెప్పుంటే అనేదానివా? చెయ్యి దాచుకోవడంలో పడి నిన్ను పోగొట్టుకోబోయాను." తల్లికి ఇప్పుడు ఏడుపొచ్చింది. ఎవరూ ఆపలేదు. కాసేపటికి తనే మొహం తుడుచుకుంది. "రేపు ల్యాబులో నేనే చెప్పేస్తాను. ఇంకొకళ్ళని అలా గుచ్చలేను. అక్కణ్ణుంచి డాక్టరు దగ్గరికి వెళ్తాను."

ఎన్నో చేతుల్లో సూది గుచ్చుతూ భయపడకండని చెప్పిన మనిషి, నేల చూపులు చూస్తూ మెల్లిగా అడిగింది.

"నాకు భయంగా ఉందే. నువ్వు తోడొస్తావా?"

"వస్తాను. ముందు చెయ్యి ఇటివ్వు" అంది కూతురు.