పదకొండో పేరు

“నీకు పాస్తా తినడం వచ్చా, భూషణ్?” అని అడిగాడు చీఫ్ విజయ్.

ముంబై శివార్లలోని కాశేలిలో ఒక గోడౌన్ వెనకగది అది. బయట బోర్డు మీద బట్టల పార్సిళ్ల కంపెనీ పేరు, లోపల గూఢచారి శాఖ ముంబై యూనిట్.

“నేర్చుకుంట సార్.”

“రేపు ఒంటిగంటకి. నారిమన్ పాయింట్‌లో ఇటాలియన్ రెస్టారెంట్. విదేశీ ముఠా మనిషి మార్కో లంచ్‌కి వస్తాడు. మారుపేర్లతో పనిచేస్తున్న మన పదకొండుమంది ఏజెంట్ల అసలు పేర్లున్న చిప్ అక్కడ అతని చేతికి అందుతుంది. పదకొండో పేరు నీదే. ఇచ్చేవాడెవరో తెలీదు. ముఠావాళ్లు టేబుల్ కింద జామర్ పెడతారు, మన మైకులు పనిచేయవు.”

“అందుకే నేను.”

“అందుకే నువ్వు. చిప్ బయటికి రాగానే మార్కో పక్కనుండే మన ఏజెంట్ నమ్రత, తిరామిసు అనే స్వీటు ఆర్డర్ చేస్తుంది. ఇచ్చేవాడి పెదవులు చదివి, వాడేనని తేలగానే నువ్వు ఫోర్కు కింద పడెయ్. మిగతాది వెయిటర్ల వేషంలో ఉన్న కమాండోలు చూసుకుంటారు. వాడు ప్రాణాలతో బయటికి పోకూడదు.”

శాంతి నగర్‌లో సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, పెరిగినవాళ్లకు చెవులతో పెద్దగా పనుండదు. కార్ఖానాలో పవర్‌లూమ్‌ల రొదకి గొంతు చించుకున్నా పక్కవాడికి వినబడదు. అందుకని పెదవులు కదిపి మాట్లాడుకుంటారు. తల్లి రాజమణి కండెలు చుడుతూ అవతలి మూల నుంచి తిట్టిన తిట్లన్నీ భూషణ్ ఆమె పెదవుల మీద చదువుకున్నవే. ఆ చదువు ఈ ఉద్యోగంలో పనికొస్తుందని చేయి పట్టుకుని తీసుకొచ్చినవాడు అన్న కాశీనాథ్.

రెండేళ్ల క్రితం విదేశంలో ఒక మిషన్‌లో కాశీనాథ్ చనిపోయాడని శాఖ కబురు పంపింది. శవం రాలేదు. గడ్డిబొమ్మకు నిప్పు పెట్టి కర్మ చేశాడు భూషణ్. “బొమ్మను కాలవెట్టి నన్నెట్ల నమ్మమంటవు?” అని వదిన కళావతి అడిగింది.

మర్నాడు మీసం, విగ్గు, కెమెరా ఉన్న కళ్లద్దాలు పెట్టుకుని, ఇరవయ్యో అంతస్తులో కిటికీ పక్కన కూర్చున్నాడు. కింద సముద్రం, ఎదురుగా తెల్లటి బల్లగుడ్డ, దాని మీద ఏది దేనికో తెలియని చెంచాలు. నాలుగు టేబుళ్ల అవతల మార్కో, పక్కన మెరూన్ సిల్క్ గౌనులో నమ్రత. ముఠా ఆమెను తన మనిషి అనుకుంటుంది. ఆమె నవ్వు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

కాసేపటికి తెల్లగడ్డం మనిషి ఒకడు చేతికర్రతో వచ్చి వాళ్ల ఎదురుగా కూర్చున్నాడు. కూర్చోగానే బల్లగుడ్డ అంచు తిప్పి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, పోగులు చూశాడు.

పెళ్లికి పోయినా, చావుకి పోయినా ముందు గుడ్డ తడిమి చూడడం సాంచాలవాళ్ల అలవాటు. ఎంత వేషం కట్టినా అది పోదు. తడిమిన ఆ వేళ్లు అన్న కాశీనాథ్‌వి. చిన్నప్పుడు తెగిన పోగు ఎలా కట్టాలో తనకు నేర్పిన వేళ్లు.

బతికున్నాడన్న సంతోషం మనసుకు అందేలోపే, ఎందుకొచ్చాడో గుర్తొచ్చి భూషణ్‌కు ఏడుపు తన్నుకొచ్చింది.

కాశీనాథ్ ఉంగరం తిప్పి, దాని కింది నుంచి గోరంత చిప్ తీసి, తన ప్లేటులోని రావియోలి పాస్తా ముక్క కింద పెట్టాడు.

“వన్ తిరామిసు, ప్లీజ్,” అంది నమ్రత.

భూషణ్ చేతిలో ఫోర్కు ఉంది. వదిలేస్తే చాలు. వేళ్లు విడివడలేదు.

అన్న చూపు ఇటు తిరిగినప్పుడు, చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు.

“అన్నా.”

కాశీనాథ్ ముఖం పాలిపోయింది. మరుక్షణమే నములుతున్నట్టు నటిస్తూ పెదవులతోనే అడిగాడు.

“అమ్మ ఎట్లున్నది?”

“మంచిగున్నది. ఏందే అన్నా ఇది?”

“రెండేండ్లు జైల్ల కుళ్లిన్రా. ఒక్కడన్న నా కోసం అడుగలే. సచ్చిండని రాసి చేతులు దులుపుకున్నరు. సచ్చినోనికి దేశమేంది? లోపల ఎవల పేర్లున్నయో గూడ నేను సూడలే.”

ప్లేటు మెల్లగా మార్కో వైపు జరిగింది. మార్కో ఫోర్కు ఎత్తాడు.

“ఆ పదకొండు మందిల నేనున్ననే, అన్నా!”

కాశీనాథ్ చెయ్యి ఆగిపోయింది. తమ్ముడి ముఖాన్ని ఒక్క క్షణం కళ్లారా చూసుకున్నాడు. మార్కో ఫోర్కు ప్లేటుకు తగిలేలోపు ఆ రావియోలిని చిప్‌తో సహా నోట్లో కుక్కుకుని మింగేశాడు.

బల్లగుడ్డ కింద మార్కో తుపాకి సైలెన్సర్ చిన్నగా దగ్గింది. నమ్రత మార్కో చేతిని విరిచి పట్టుకుంది గానీ, అరక్షణం ఆలస్యమైంది; కాశీనాథ్ కుర్చీలోంచి నేల మీదికి ఒరిగిపోయాడు. అప్పుడు భూషణ్ ఫోర్కు దానంతటదే జారిపడింది. వెయిటర్లు ట్రేలు విసిరేసి మార్కో మీద పడ్డారు.

భూషణ్ పరుగెత్తి అన్న తలను ఒళ్లో పెట్టుకున్నాడు. కాశీనాథ్ పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

“కళావతికి జెప్పు...”

ఏం చెప్పాలో చదివేలోపే పెదవులు ఆగిపోయాయి. ఆ ఖరీదైన నేల మీద కూర్చుని, విగ్గు ఊడిపోయినా పట్టించుకోకుండా, భూషణ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

విజయ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి.

“అన్నను ఇంటికి తీస్కపోత సార్.”

“కుదరదు భూషణ్. కాశీనాథ్ రెండేళ్ల క్రితమే అమరుడయ్యాడు. ఫైల్లో అలాగే ఉండనివ్వు, ఆయనకి అదే మర్యాద.”

“మరి వదినెకు ఏం చెప్పాలె?”

“చెప్పేదేముంది? అప్పుడే చెప్పేశాం కదా.”

ఆ సాయంత్రం ఢిల్లీకి వెళ్లిన రిపోర్టులో రెండు శుభవార్తలున్నాయి: పదకొండుమందీ క్షేమం, ప్రాణనష్టం లేదు.