తాడుకు అవతలి కొస

సూరత్‌లోని లింబాయత్‌లో సాంచాల కార్ఖానాలు షిఫ్టు మారాయంటే చౌరస్తా పుట్ట పగిలినట్టే. రోజంతా ఆ మరమగ్గాల చప్పుడులో నిలబడి వచ్చేవాళ్లు, రాత్రంతా నిలబడబోయేవాళ్లు, చీరల మూటలతో టెంపోలు, ముగ్గురేసి ఎక్కిన బండ్లు... అక్కడ ఎర్రలైటును ఎవరూ లెక్కచేయరు. ఎండాకాలంలో, సాంచాలు నడిపే దేవదాసన్న ప్రాణం అట్లాగే పోయింది. ఎర్రలైటు పడింది, బండ్లు ఆగుతాయిలే అని నమ్మి, నెత్తిన తువ్వాలతో, భుజాల మీద నూలు దుమ్ముతో రోడ్డు దాటుతుంటే, ఆగని టెంపో కొట్టేసింది.

ఆ తర్వాతే బస్తీ పెద్ద సోమలింగం తాడు ఉపాయం తెచ్చాడు. "చెప్తే ఆగరు, దండం పెడితే ఆగరు. అడ్డంగ తాడు లేపితే ఎట్ల పోతరో చూద్దాం!" కార్ఖానాల్లో మిగిలిన దారాలన్నీ పేని బొటనవేలంత లావు తాడు చేశారు. ఎర్రలైటు పడగానే ఫుట్‌పాత్ మీద ఒకరు, డివైడర్ మీద ఒకరు దాన్ని నడుము ఎత్తుకు లేపాలి. పచ్చలైటు పడగానే దించాలి. మొదట్లో బండ్లవాళ్లు "క్యా భాయ్, పతంగ్ ఉడా రహే హో?" అని, గాలిపటం ఎగరేస్తున్నారా అన్నట్టు ఎగతాళి చేశారు. చేసి చేసి వాళ్లే అలవాటు పడ్డారు.

ఫుట్‌పాత్ వైపు కొస రోజూ సంపత్‌దే. బస్తీ సేవ అని అందరికీ చెప్పుకుంటాడు గానీ, అసలు సంగతి సంగీత. చీరలకు రాళ్లు అతికించే పని ముగించుకుని ఆమె అదే వేళకు అటు నుంచి ఇటు దాటుతుంది. దసరా పోయాక ఇద్దరికీ పెళ్లి. గులాబీ గొడుగు పట్టుకుని ఆమె నడిచి వస్తుంటే, తన చేతిలోని తాడుకు జడిసి సూరత్ మొత్తం బ్రేకు తొక్కి నిలబడిందనుకుని పొంగిపోతాడు. ఆ వెంటే ఒక దిగులు పట్టుకుంటుంది. ఏదో ఒక రోజు తాడు లేవకపోతే? ఆ రోజే ఏ టెంపో అయినా...

ఆ సాయంత్రం ముసురు పట్టింది. తెల్లటి తెరలా వాన. డివైడర్ వైపు కొస పట్టే అంబదాస్ కాక ఇంకా రాలేదు. సంపతే రోడ్డు మీద తాడు పరిచి, అవతలి కొస డివైడర్ మీద పడేసి, పరుగెత్తి వెనక్కి వచ్చాడు. నిలబడితే కాలు నిలవడం లేదు. లైటు వంక చూస్తాడు, ఫోను వంక చూస్తాడు, మళ్లీ లైటు వంక. దూరంగా గులాబీ గొడుగు కనిపించింది. కాక ఏడి?

ఎర్రలైటు పడింది.

అలవాటు కొద్దీ సంపత్ తన కొస పైకెత్తాడు. అవతలి కొస కూడా లేచింది.

"వచ్చిండు ముసలోడు" అనుకుని ఊపిరి వదిలాడు. హెడ్‌లైట్ల వెలుగులో వాన తప్ప ఏమీ ఆనడం లేదు. డివైడర్ మీద నెత్తిన తువ్వాల కప్పుకున్న ఆకారం ఒకటి, అంతే. కానీ కాక పడితే తాడు ఎప్పుడూ మధ్యలో వేలాడేది. ఇవాళ మగ్గం బీముకు కట్టిన పోగులా బిగుతుగా ఉంది. దాంట్లోంచి సన్నటి అదురు వచ్చి అరచేతికి తగులుతోంది... నడుస్తున్న సాంచా మీద చేయి పెట్టినట్టు. అంత వానలోనూ మిషన్ నూనె వాసన గుప్పుమంది.

బండ్లు ఆగాయి. హారన్లు కూడా ఆగాయి.

జేబులో ఫోను మోగింది. కాకే.

"సంపతూ, కడోదరా కాడ ఇరుక్కున్న రా. రోడ్డంత నీళ్లే. ఇయ్యాల తాడు తియ్యకు, ఒక్కనివి ఏం జేస్తవ్?"

"మరి... అవతల పట్టిందెవలు కాకా?"

"నన్నడుగుతవేంది? ఎవలు పట్టిండ్రు?"

సంపత్ తల తిప్పాడు. గులాబీ గొడుగు డివైడర్ మీద తలకిందులుగా పడి ఉంది. పక్కనే సంగీత. దాటడం లేదు. తువ్వాల మనిషి లేడు. తాడు కొస ఆమె పిడికిట్లో ఉంది.

"సంగీతా! వచ్చెయ్!"

కదలలేదు. తాడు వదిలి పరుగెత్తుదామంటే బండ్లు మీద పడతాయేమో. వదలకుంటే ఆమె అక్కడే... గొంతు చించుకుని మళ్లీ పిలిచాడు. ఈసారి ఉలిక్కిపడి నడిచి వచ్చింది. తాడు సడలి నీళ్లలో పడింది. పచ్చలైటు పడగానే బండ్లన్నీ ఎవరో తరిమినట్టు దూసుకుపోయాయి.

"ఆడ ఎందుకు నిలబడ్డవ్?"

"ఎవలో పెద్దమనిషి బావా..." ఆమె గుసగుసలాడింది. "జర కొస పట్టు బిడ్డా అన్నడు. పట్టిన."

"ఎవలు?"

"మొకం చూడలే. గింత వానల గూడ ఆయన భుజాల మీద నూలు దుమ్ము పొడిపొడిగనే ఉంది."

"సరే, ఇంటికి పోదాం పా. చెయ్యి ఇయ్యి."

ఆమె పిడికిలి తెరవలేదు. "ఆయన ఇడువు అనలే బావా."

సంపత్ చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. నేతపని ఇళ్లలో ఆ మాట వేరు. కొత్త బీము ఎక్కించి పోగులు అతికేటప్పుడు ఒకరు కొసలు పడతారు, ఒకరు ముడి వేస్తారు. ముడి వేసేవాడు "ఇడువు" అనేదాకా పట్టినవాళ్లు వదలరు. వదిలితే వరసంతా జారిపోతుంది. సంగీత పసిపిల్లప్పటి నుంచి వాళ్ల నాన్నకు కొసలు పట్టింది. పట్టమంటే పట్టడమే ఆమెకు తెలుసు. ఎవరన్నారు, ఎందుకన్నారు అని చూడలేదు.

ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. లోపల ఏమీ లేదు. అంత వానలో అరచేయి మాత్రం పొడిగా ఉంది. చేయి వదలగానే పిడికిలి మళ్లీ ముడుచుకుంది.

తాడు చుట్టి సంచిలో వేసుకుని, ఆమెను ఇంటికి తీసుకెళ్లాడు.

"పిడికిలి బిగపట్టి ముద్ద ఎట్ల తింటవే? కాబోయే మొగని మీద కోపమా, బువ్వ మీదనా?" అని సంగీత తల్లి రాజమ్మ నవ్వింది. "నువ్వన్న చెప్పు అల్లుడా."

సంపత్ నవ్వలేకపోయాడు. కూర్చోలేకపోయాడు. సంచి భుజాన ఉండగానే డాబా మీదికి ఎక్కాడు. వాన వెలిసింది. రెండు గల్లీల అవతల చౌరస్తా కనిపిస్తోంది. ఎర్రలైటు. ఫుట్‌పాత్ మీద ఎవరూ లేరు. డివైడర్ మీదా ఎవరూ లేరు. అయినా బండ్లన్నీ ఆగి ఉన్నాయి. ముందు చక్రాలు గీత గీసినట్టు ఒకే వరసలో.

క్షణం పాటు అతనికి సంతోషమేసింది. జనం మారారు.

పచ్చలైటు పడింది.

ఒక్క బండి కూడా కదలలేదు.

వెనకున్నవాళ్లు హారన్లు కొడుతున్నారు. ముందు వరసవాళ్లు కాళ్లు నేలకు ఆనించి, నడుము ఎత్తున లేనిదేదో చూస్తూ కూర్చున్నారు.

మెట్ల దగ్గర అలికిడి. సంగీత. కుడి పిడికిలి నడుము ఎత్తుకు లేచి ఉంది. అవతల ఎవరో లాగుతున్నట్టు చేయి అదురుతోంది. ఆమె సంపత్ వంక చూడడం లేదు. తల పక్కకు వంచి, ఎవరినో మెల్లగా అడిగింది.

"ఇగ ఇడువాల్నా?"

కాసేపు విన్నది. సరేనన్నట్టు తల ఊపింది. ఎడమ చేయి కూడా తెచ్చి ఆ పిడికిలి మీద వేసి, ఇంకా గట్టిగా పట్టుకుంది.

చౌరస్తాలో హారన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.